డోరతీ గొంతు పోయిన ఆదివారం

మోకాలు మార్పించుకున్నాక సుధ పోయిన నెలలో మొదటిసారి మా ఇంటికి వచ్చింది. చేతికర్ర గుమ్మం పక్కన ఆనించి, వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చుంది. నేనిచ్చిన టీ ఇంకా నోట పెట్టకుండానే నవ్వడం మొదలుపెట్టింది. "ఆపరేషన్‌కు ముందు డాక్టర్ అడిగిండే, కొత్త మోకాలు పెట్టినంక ఏం చెయ్యాలనుకుంటున్నవ్ అని. అందరు మెట్లెక్కాలె, వాకింగ్ పోవాలె అంటరంట. నేను కాంట్రా డాన్స్ చెయ్యాలె అన్న. పాపం, రెండుసార్లు అడిగి రాసుకున్నడు." పక్కనే ఉన్న వాళ్ళాయన రమణ, "మూడోసారి నన్నడిగాడండి, మీ ఆవిడ నిజంగానే అంటోందా అని," అన్నాడు. సుధది వరంగల్, రమణది భీమవరం. పెళ్ళయి ముప్ఫై ఏళ్ళు దాటినా ఎవరి మాట వాళ్ళదే, ఇద్దరూ ఒక్క అక్షరం మార్చుకోలేదు. వాళ్ళు వెళ్ళాక కప్పులు కడుగుతూ సింకు దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. మేం ముగ్గురం, అప్పటి మా కింద ఇంటి డోరతీ కలిసి ఒక పాత కారులో వర్జీనియా వెళ్ళి, కొండలు చూసి, గుహలు చూసి, రెండు రోజులు కాళ్ళు నొప్పెట్టేదాకా ఆడి వచ్చిన ఆ వారాంతం కళ్ళముందు తిరిగింది. నా జీవితంలో నేను గర్వంగా చెప్పుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది ఆ ఆదివారం మధ్యాహ్నం.

అప్పట్లో నేను అమెరికాలో ప్లెయిన్స్‌బరో అనే ఊళ్ళో ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో రెండో అంతస్తులో ఉండేదాన్ని. అన్నీ ఒకేలాంటి గోధుమరంగు భవనాలు. మొదటి నెలలో ఒకసారి పక్క బిల్డింగు తలుపు దగ్గర నిలబడి మా తాళం పట్టడం లేదని కంగారుపడ్డాను కూడా. సాయంత్రం ఆరయ్యేసరికి మెట్లమీద ఇంగువ, ఆవాలు, మాడిన వెల్లుల్లి వాసనలు ఒక్కో అంతస్తులో ఒక్కోటి ఎదురొచ్చేవి. వాసననిబట్టి ఎవరింట్లో ఎవరు వచ్చి ఉన్నారో చెప్పగలిగేవాళ్ళం. అమ్మానాన్నలు వచ్చిన ఇంట్లో నెయ్యి కాగేది. బ్రహ్మచారుల ఇంట్లో రోజూ ఒకటే ఉల్లిపాయల వేపుడు. మొదట్లో సుధ, నేను ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. ఆమె పెళ్ళి చేసుకుని రమణతో ఎదురు బిల్డింగులోకి మారాక నేనొక్కదాన్నే మిగిలాను. ఆ ఖాళీలోకే మా కింద ఇంట్లో ఉండే డోరతీ వచ్చింది. నిజానికి ఆమె మొదటిసారి మా తలుపు కొట్టింది ఫిర్యాదు చేయడానికి. ఆదివారం పొద్దున నేను చట్నీకోసం కొబ్బరి పగలగొడుతున్నాను. ఏదో కూలిపోతోందనుకుని పైకి వచ్చింది. తలుపు తీస్తే, నా చేతిలో సగం కొబ్బరిచిప్ప చూసి, "ఓహ్, తినే వస్తువే అన్నమాట," అని లోపలికి వచ్చి కూర్చుంది.

డోరతీకి అప్పటికి డెబ్బైకి దగ్గర్లో వయసు. బడిలో సంగీతం చెప్పి రిటైరైంది. భర్త పోయి చాలాకాలమైంది. సన్నగా, పొడుగ్గా, తెల్లజుట్టు వెనక్కి ముడేసి ఉండేది. ఆమె ఇంట్లో ఎప్పుడూ రెండు వాసనలు: ఫిడేలు కమానుకి రాసే గుగ్గిలంలాంటి రాళ్ళ వాసన, దాల్చినచెక్క చల్లి కాల్చిన రొట్టె వాసన. గురువారం గురువారం రేడియో పెట్టుకుని ఇస్త్రీ చేసుకునేది. చేతిరుమాళ్ళు కూడా ఇస్త్రీ చేసేది. రేడియోలో పాట నచ్చకపోతే ఇస్త్రీపెట్టె నిలబెట్టి, పాట అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడేదే తప్ప స్టేషన్ మార్చేది కాదు. నెలకి రెండు శనివారాలు పక్క ఊళ్ళో ఒక హాలులో కాంట్రా డాన్స్‌కి ఆట చెప్పడం ఆమె పని. అలా చెప్పేవాళ్ళని కాలర్ అంటారు. కాంట్రా అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. జంటలు రెండు పొడుగాటి వరసల్లో ఎదురెదురుగా నిలబడతారు. ముందు ఫిడేలు, పియానో వాయించేవాళ్ళు ఉంటారు. చేతులు పట్టుకుని తిరగడం, ఎదురుగా నడిచి వెనక్కి రావడం, పక్కజంటతో కలిసి గుండ్రంగా వెళ్ళడం, ఇలా కొన్ని అడుగుల వరసలుంటాయి. వాటన్నిటినీ ఒకసారి చేసేసరికి ప్రతి జంటా ఒక అడుగు ముందుకి జరిగి కొత్త జంటకి ఎదురుపడుతుంది. తర్వాత ఏం చెయ్యాలో పాట సాగుతుండగానే కాలర్ మైకులో చెబుతూ ఉంటుంది. రెండువందలమంది కాళ్ళు ఆ ఒక్క గొంతుని నమ్ముకుని కదులుతాయి.

నా గొంతుని ఆ రోజుల్లో ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. నేను ఒక ఇన్సూరెన్సు కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. వారానికోసారి క్లయింట్‌తో ఫోన్ మీటింగు ఉండేది. టేబుల్ మధ్యలో స్పీకర్ ఫోను, చుట్టూ మేం ఎనిమిదిమందిమి. మొదటి నెలలో నేను మాట్లాడుతుంటే అవతలివైపునుంచి, "క్షమించండి, మళ్ళీ చెప్తారా?" అని మూడుసార్లు అడిగారు. మూడోసారి అడిగాక ఎవరో గొంతు తగ్గించి, "అక్కడ ఇంకెవరైనా ఉన్నారా?" అన్నారు. తగ్గించినా స్పీకర్‌లో అందరికీ వినబడింది. మీటింగు అయ్యాక మా మేనేజర్ నన్ను పిలిచి చాలా మర్యాదగా, "నీ పని అద్భుతంగా ఉంది నీరజా, ఇకనుంచి నువ్వు పాయింట్లు రాసి ఇవ్వు, గ్రెగ్ చదువుతాడు, అందరికీ సుళువు," అన్నాడు. గ్రెగ్ నా పక్క సీటు కుర్రాడు. మంచివాడు. వారం వారం నేను రాసింది తీసుకుని గంభీరంగా చదివేవాడు. నేను కనిపెట్టిన తప్పులు, నేను వెతికిన కారణాలు, నా వాక్యాలు, అతని గొంతులో. క్లయింట్ "థాంక్యూ గ్రెగ్" అనేవాడు. ఏడాదిన్నరపాటు అలాగే జరిగింది. నాకు కోపం కూడా రాలేదని చెబితే ఇప్పటివాళ్ళు నమ్మరు. వీసా ఉంది, ఉద్యోగం ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. కానీ మెల్లగా బయట కూడా మాట్లాడటం తగ్గిపోయింది. దుకాణంలో వస్తువు పేరు పలకడం ఇష్టంలేక వేలుపెట్టి చూపించేదాన్ని.

డోరతీ దగ్గర మాత్రం వాగేదాన్ని. ఆమెకి నా మాట అర్థంకాకపోతే "ఏమిటీ?" అని గట్టిగా, ఏ మొహమాటమూ లేకుండా అడిగేది. ఆమె మాట నాకు అర్థంకాకపోతే నేనూ అలాగే అడిగేదాన్ని. ఆమె కొత్త ఆటలు కట్టేటప్పుడు వంటింటి టేబుల్‌మీద ఉప్పుసీసా, మిరియాలసీసా, కప్పులు జంటలుగా పెట్టి జరుపుతూ చూసుకునేది. కప్పులు పెద్దవి కావడంతో ఒకదానికొకటి తగిలి పడేవి. నేను పైకి వెళ్ళి గుప్పెడు లవంగాలు, గుప్పెడు ఏలకులు తెచ్చాను. లవంగాలు మగవాళ్ళు, ఏలకులు ఆడవాళ్ళు. ఆమెకి ఎంత సరదా వేసిందంటే ఆ సాయంత్రం అన్నం మాట మరిచి ఏడు ఆటలు జరిపి చూసింది. అప్పుడే నేను మా మేనత్త సంగతి చెప్పాను. మదనపల్లె దగ్గర మా అత్తవాళ్ళ ఊళ్ళో ఆమె ఆడవాళ్ళ కోలాటం జట్టుకి పెద్ద. వేసవి సెలవుల్లో నేను వెళితే బడి వరండాలో సాధన చేయించేది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, కర్రలకి నూనె రాసి, పదహారుమంది ఆడవాళ్ళని జంటలుగా నిలబెట్టేది. కోలాటంలో ఒక్కో వరసని కోపు అంటారు. పాట చరణం ఇంకా ముగియకముందే అత్త తర్వాతి కోపు పేరు గట్టిగా అరిచేది. ముగిశాక అరిస్తే ఆలస్యమైపోయినట్టే, కర్రలు వేళ్ళమీద పడతాయి. "నోరు ముందు పోవాల, కాళ్ళు దాని వెనకాల రావాల," అని మమ్మల్ని అదిలించేది. ఇది చెప్పగానే డోరతీ చేతిలో లవంగం పక్కన పెట్టేసింది. "మీ అత్త కాలరా? ఆ మాట ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు నాకు?" అంది. అత్త కోపుల్లో ఒకటి టేబుల్‌మీద జరిపి చూపించాను. దాన్ని అటూ ఇటూ మార్చి, కాంట్రా సంగీతం కొలతకి సరిపెట్టి, మూడు వారాలు కూర్చుని ఇద్దరం ఒక కొత్త ఆట కట్టాం. అక్టోబరులో వర్జీనియాలో జరిగే డాన్స్ వారాంతంలో చిట్టచివరి ఆటగా దాన్ని పెడతానని డోరతీ నిర్వాహకులకి చెప్పేసింది. "నువ్వూ వస్తున్నావు," అని నాకు కూడా చెప్పేసింది.

రమణ డ్రైవ్ చేస్తానన్నాడు. వాళ్ళ అన్నావదినలు వర్జీనియాలోనే షాంటిలీలో ఉండేవాళ్ళు. శుక్రవారం సాయంత్రానికి అక్కడికి చేరి పడుకుని, పొద్దున్నే కొండలవైపు వెళ్ళాలని ఏర్పాటు. వాళ్ళ వదిన రాజ్యలక్ష్మిగారు మేం వచ్చేసరికే గుత్తివంకాయ చేసిపెట్టింది. డోరతీ మజ్జిగ మిరపకాయలు నాలుగు తిని కళ్ళనీళ్ళు పెట్టుకుని ఐదోది అడగడంతో ఆవిడ మనసు గెలుచుకుంది. కానీ మేం ఎక్కడికి వెళ్తున్నామో తెలిశాక మొహం మారింది. గరిటె పట్టుకునే నావైపు తిరిగి, "ఏమ్మా, ముక్కూమొహం తెలియని మగాళ్ళ చేతులు పట్టుకుని గంతులేస్తారా? సుధంటే మొగుడు పక్కనున్నాడు. నీకు రేపు సంబంధాలు చూడాలా వద్దా?" అంది. డోరతీ ఆమె ఏమందని అడిగింది. రమణ క్షణం ఆలోచించి, "మా వదిన మీకు క్షేమంగా వెళ్ళి రమ్మని చెబుతోంది," అని ఇంగ్లీషులో చెప్పాడు. డోరతీ లేచి వెళ్ళి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని థాంక్స్ చెప్పింది. ఆవిడ మర్నాటికి పులిహోర కట్టిస్తానంది.

ఆ పులిహోర మేం కొండల మీదుగా సాగే స్కైలైన్ డ్రైవ్ రోడ్డుమీద, కింద లోయ కనబడే ఒక మలుపు దగ్గర రాతిగోడమీద కూర్చుని తిన్నాం. అమెరికా వచ్చి రెండేళ్ళయినా నేను చూసింది ఆఫీసూ, ఇల్లూ, మధ్యలో హైవే. కొండలు అంత ఎర్రగా, పసుపుగా, వరసవెంట వరస దూరంగా నీలమైపోతూ ఉంటాయని నాకెవరూ చెప్పలేదు. సుధ అరటాకులో పసుపు-కుంకాలు పోసినట్టుందని అంది. డోరతీ చేత్తోనే పులిహోర తింటూ, వేరుశనగలు ఏరి చివరికి దాచుకుంటూ, ఏ చెట్టు ఏదో చెప్పింది. మధ్యాహ్నానికి కొండ దిగి ఆ చిన్న ఊళ్ళో హాలుకి చేరాం. రైతులు సమావేశాలకని ఎప్పుడో కట్టుకున్న చెక్క హాలు అది. నేల అద్దంలా నున్నగా ఉంది. మైనం వాసన, ఆపిల్ రసం మరుగుతున్న వాసన, అప్పటికే ఆడుతున్నవాళ్ళ చెమట వాసన. గుమ్మంలోనే ఒక ముసలాయన వచ్చి, "ఈ ఆటకి నాతో ఆడతారా?" అని అడిగాడు. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాను. అక్కడి పద్ధతి అంతే, ఎవరైనా ఎవరినైనా అడుగుతారు, కొత్తవాళ్ళని ముందు అడుగుతారు. మొదటి ఆటలో తిరుగుతుంటే కళ్ళు తిరిగాయి. "నేలని చూడకండి, నా కళ్ళలోకి చూడండి, తిరగవు," అన్నాడు. పరాయి మగవాడి కళ్ళలోకి సూటిగా చూడటం నా జన్మలో అదే మొదలు. నిజంగానే కళ్ళు తిరగడం ఆగిపోయింది. ఇందులో రాజ్యలక్ష్మిగారు భయపడ్డదేదీ లేదు. అది చెయ్యి అందుకుని పక్కవాడికి అందించే ఆట. ఆ సాయంత్రానికి నేను అందరి చేతులూ పట్టుకున్నాను, పన్నెండేళ్ళ పిల్లలనుంచి ఎనభై ఏళ్ళ అవ్వలదాకా. రమణ ప్రతిసారీ ఎడమకి బదులు కుడికి వెళ్ళేవాడు. ఎవరూ విసుక్కోలేదు, భుజాలు పట్టుకుని తిప్పి సరైన దిక్కుకి పంపేవాళ్ళు.

ఆదివారం పొద్దున ఆట లేదు. అందరూ దగ్గర్లో ఉన్న సున్నపురాతి గుహలు చూడటానికి వెళ్ళారు, మేమూ వెళ్ళాం. మెట్లు దిగి లోపలికి వెళితే పైనుంచి వేలాడే రాళ్ళు, కిందనుంచి లేచిన రాళ్ళు, మధ్యలో కదలని నీళ్ళ మడుగు. పైన ఉన్నదంతా అందులో తలకిందులుగా కనబడుతుంటే ఏది రాయో ఏది నీడో తెలియలేదు. లోపల బాగా చలి. సుధ పలచటి చుడీదార్‌లో వచ్చి వణికిపోతుంటే డోరతీ తన ఉన్ని శాలువా తీసి ఆమెకి కప్పింది. "నాకు అలవాటే," అంది. శుక్రవారంనుంచే ఆమెకి కాస్త జలుబుగా ఉంది. శనివారం మధ్యాహ్నంనుంచి రాత్రిదాకా ఆటలు చెప్పింది. ఆ చలిలో గంటన్నర తిరిగి బయటికి వచ్చి, ఎండలో నిలబడి ఏదో చెప్పబోతే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. వేడినీళ్ళు, తేనె, రాజ్యలక్ష్మిగారు మా సంచిలో వేసిన మిరియాలు, అన్నీ అయ్యాయి. రాలేదు. సుధ శాలువా చేతుల్లో పట్టుకుని, "నావల్లనే, నావల్లనే," అంటూ ఏడుపుమొహం పెట్టింది.

మధ్యాహ్నం చివరి విడత ఆటలు మొదలయ్యాయి. ఉత్సవం నడిపే వాల్టర్ అనే ఆయన తనకి తెలిసిన పాత ఆటలు నాలుగు చెప్పి కాలం గడిపాడు. చివరి ఆట వచ్చేసరికి మైకు పక్కకి పెట్టి డోరతీ దగ్గరికి వచ్చాడు. "మీ కొత్త ఆట వచ్చే ఏడాది చూద్దాం. అందరికీ తెలిసినదేదైనా నేనే చెప్పేస్తాను," అన్నాడు. డోరతీ తల అడ్డంగా ఊపింది. నావైపు వేలు చూపించింది. ఆయన నన్ను చూశాడు. "ఈవిడ ఇంతకుముందు ఎప్పుడైనా చెప్పారా?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నేనే జవాబు చెప్పాను. "లేదు. నాకు రాదు. నా యాస ఎవరికీ అర్థం కాదు." ఆ ఇంగ్లీషు వాక్యం మాత్రం ఎవరూ మళ్ళీ చెప్పమని అడగనంత స్పష్టంగా వచ్చింది. డోరతీ నా మణికట్టు పట్టుకుంది. చెవి దగ్గర నోరు పెట్టి, గాలితోనే చెప్పింది. "ఈ ఆట ఈ హాల్లో ఇద్దరికే తెలుసు. ఒకరికి గొంతు లేదు." సుధ వెనకనుంచి నా వీపుమీద చెయ్యి వేసి, "పోవే. ఏమైతది? తప్పు పోతే అందరం కలిసి నవ్వుకుంటం," అంది. నా కాళ్ళు వేదికవైపు ఎలా నడిచాయో నాకు గుర్తులేదు.

మైకు పట్టుకుని మొదటి అడుగుల వరస చెప్పగానే హాలు చివరినుంచి ఒక మగగొంతు, "క్షమించండి, మళ్ళీ చెప్తారా?" అంది. అచ్చం అవే మాటలు. స్పీకర్ ఫోను, టేబులు, గ్రెగ్ చేతిలో నా కాగితం కళ్ళముందుకి వచ్చాయి. తలెత్తి చూస్తే ఆ గొంతు శనివారం నాతో మొదటి ఆట ఆడిన ముసలాయనది. చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని నవ్వుతున్నాడు. ఆయనకి వినికిడి తక్కువ, అంతే. నేనూ మైకుని నోటికి దూరంగా పట్టుకుని ఉన్నాను. దగ్గరికి జరుపుకుని మళ్ళీ చెప్పాను, ఈసారి పొట్టిగా. అందరూ కదిలారు. రెండో వరస చెప్పాను. కదిలారు. పాట లేకుండా ఒకసారి మొత్తం నడిపించి చూపించాక, ఫిడేలు అమ్మాయి నావైపు వంగి, "ఎంత వేగం?" అంది. మాటల్లో చెప్పడం తెలియక మా అత్త బడి వరండాలో వేసినట్టు కాలితో నేలమీద దరువు వేశాను. ఆ అమ్మాయి నవ్వి కమాను ఎత్తింది.

పాట మొదలయ్యాక నాకు భయపడే తీరిక లేకపోయింది. చరణం ముగియడానికి నాలుగు దెబ్బల ముందు తర్వాతిది చెప్పాలి. నా నోరు ముందు పోవాల, వాళ్ళ కాళ్ళు వెనకాల రావాల. "బ్యాలెన్స్ అండ్ స్వింగ్!" అంటే వందల కాళ్ళు ఒక్కసారి నేలని తన్నాయి, ఆ చప్పుడు వేదికమీద నా పాదాలకి తగిలింది. "లాంగ్ లైన్స్!" అంటే ఆ చివరినుంచి ఈ చివరిదాకా చేతులు కలిశాయి. మూడోసారి వచ్చేసరికి నలుగురూ ఎడమచేతులు కలిపి తిరగాల్సిన చోట కుడిచెయ్యి అని చెప్పేశాను. సగంమంది నేను నేర్పింది చేశారు, సగంమంది నేను చెప్పింది చేశారు. మధ్య వరస చిక్కుపడిపోయింది. ఆటని ఆపకూడదు, పాట ఆగదు. అత్త జట్టులో ఎవరైనా తప్పితే ఆమె ఏం చేసేదో నా నోటికి దానంతటదే వచ్చింది. "మీ జోడీని వెతుక్కోండి, తిరగండి!" అన్నాను. నవ్వుకుంటూ ఒకరినొకరు వెతికి పట్టుకుని తిరిగారు. తర్వాతి చరణానికి అందరూ ఎవరి చోట్లలో వాళ్ళున్నారు. తమ నలుగురిలో రమణ ఒక్కడే సరైన చేతితో తిరిగాడని తర్వాత సుధ చెప్పింది. అతను ఎలాగూ చెప్పినదానికి ఎదురు చేస్తాడు కదా.

ఏడెనిమిదిసార్లు తిరిగాక వాళ్ళకి ఆట పట్టుబడింది. అలాంటప్పుడు కాలర్ చెప్పడం ఆపేయాలి. నేను మైకు కిందికి దించాను. పాట సాగుతోంది, నేనేం చెప్పకుండానే వాళ్ళు ఆడుతున్నారు. మదనపల్లె దగ్గరి వరండాలో పుట్టిన కోపు ఒకటి వర్జీనియాలో, నా జన్మలో మళ్ళీ చూడని మనుషుల కాళ్ళలో తిరుగుతోంది. ఏడాదిన్నరగా నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ కొద్ది నిమిషాలూ కూడా నోరు మూసుకునే నిలబడ్డాను. రెండూ ఒకటి కావని ఆ వేదికమీద నాకు ఎముకల్లోకి తెలిసింది. చివరిసారి "ఇదే ఆఖరు!" అని చెప్పి ముగించాక, అరుపులు, చప్పట్లు, నేలమీద కాళ్ళ చప్పుడు. వాల్టర్ వచ్చి ఆట పేరేమిటని అడిగాడు. మేం పేరు పెట్టలేదు. డోరతీవైపు చూస్తే ఆమె కుర్చీలో కూర్చుని రెండు చేతులూ తలపైకెత్తి చప్పట్లు కొడుతోంది. "మేనత్త," అన్నాను. ఆయన తంటాలుపడి రాసుకున్నాడు. అక్షరం అక్షరం మళ్ళీ చెప్పించుకున్నాడు, నేను ఓపికగా చెప్పాను.

తిరుగుప్రయాణంలో భోజనానికి షాంటిలీలో ఆగాం. రమణ గుమ్మంలోనే మొదలుపెట్టాడు. "వదినా, మన నీరజగారు మైకు పట్టుకుంటే రెండొందలమంది తెల్లవాళ్ళు ఆవిడ చెప్పినట్టల్లా తిరిగారు. కుడి అంటే కుడి, ఎడమ అంటే ఎడమ!" రాజ్యలక్ష్మిగారు నమ్మలేనట్టు నన్ను చూసింది. "నువ్వు చెప్తే వాళ్ళు విన్నారా?" అంది. విన్నారన్నాను. చారు కలుపుతూ, "మా ఆఫీసులో నన్ను ఫోను ఎత్తొద్దంటారు," అంది మెల్లగా. ఆవిడ ఒక దంతవైద్యుడి దగ్గర ఫైళ్ళు సర్దే పనిచేస్తోందని నాకు అప్పటిదాకా తెలియదు. భోజనాలయ్యాక తనే లేచి సోఫా ఒక పక్కకి తోసి, "ఏదీ, నాకూ ఒకటి చూపించండి," అంది. నలుగురు చాలు ఒక చిన్న వరసకి. గొంతులేని డోరతీ, రమణ, సుధ, ఆవిడ. నేను చెప్పాను.

మంగళవారం మీటింగుకి నేను ఎప్పటిలాగే పాయింట్లు రాసుకుని వెళ్ళాను. గ్రెగ్ అలవాటుగా చెయ్యి చాపాడు. "ఇవాళ నేను చదువుతాను," అన్నాను. మేనేజర్ కనుబొమలెత్తాడు, కానీ అప్పటికే ఫోను కలిసింది. రెండుసార్లు మళ్ళీ చెప్పమన్నారు. రెండుసార్లూ చెప్పాను, పొట్టిగా, ఫోనుకి దగ్గరగా జరిగి. మూడో పాయింటు దగ్గర క్లయింట్ ఒక ప్రశ్న వేశాడు, నేను జవాబు చెప్పాను, ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. అలా పావుగంట మాట్లాడుకున్నాం. ఏడాదిన్నరలో ఎవరూ గ్రెగ్‌ని ప్రశ్న అడగలేదు. బయటికి వస్తుంటే గ్రెగ్ నా పక్కన నడుస్తూ, "నిజం చెప్పాలంటే, నేను చదువుతున్నదేమిటో నాకు ఇవాళే అర్థమైంది," అన్నాడు. పగలబడి నవ్వాను. ఆ ఆఫీసులో నేను అలా నవ్వడం కూడా అదే మొదటిసారి. ఆ తర్వాత అంతా నున్నగా సాగిందని చెప్పను. ముఖం చిట్లించేవాళ్ళు ఉంటూనే ఉన్నారు. కానీ నా కాగితం మళ్ళీ ఎవరి చేతికీ ఇవ్వలేదు. కొన్నేళ్ళకి ఆ మీటింగులు నేనే నడిపాను. నెలకి ఒక శనివారం డోరతీ వంతు నాకు వచ్చింది. ఆమె తొంభై దాటి బతికింది. చివరిదాకా ఎవరికైనా నన్ను పరిచయం చేస్తే, పై ఇంటి అమ్మాయి అనీ, ఇండియానుంచి వచ్చిందనీ అనేది కాదు. "ఈమె కాలర్" అనేది, అంతే.

ఇప్పటి రోజులు వేరు. మా అమ్మాయి జెర్సీ సిటీలో ముప్ఫైయో అంతస్తులో ఉంటుంది. కంప్యూటర్ ముందు కూర్చుని పది దేశాలవాళ్ళతో మాట్లాడుతుంది. పది యాసలు, ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పరు. గ్రెగ్ కథ చెబితే, "బట్ అమ్మా, వై డిడ్ యూ లెట్ హిమ్?" అంది. భయపడ్డామే అన్నాను. ఆ భయం దానికి తెలియదు, తెలియకుండా పెరిగినందుకు నాకు గర్వంగానే ఉంది. కానీ దాని అంతస్తులో పక్కింటివాళ్ళ పేరు దానికి తెలియదు, కింద ఇంట్లో కొబ్బరికాయ చప్పుడు ఎవరికీ వినబడదు. హాళ్ళు కూడా మారాయి. ఇప్పుడు మగవాళ్ళు, ఆడవాళ్ళు అని పిలవం, ఒక వరసకి ఒక పిట్ట పేరు, ఇంకో వరసకి ఇంకో పిట్ట పేరు. ఎవరు ఏ పిట్టైనా కావచ్చు. వరసల్లో మన పిల్లలు, చైనా పిల్లలు, మెక్సికో పిల్లలు ఎంతమందో. నేను వేదిక ఎక్కితే ఎవరూ ఆశ్చర్యపోరు. ఒక్కోసారి కాస్త ఆశ్చర్యపోతే బాగుండుననిపిస్తుంది కూడా, ఆ మాట దాచడం ఎందుకు.

ఈ వసంతంలో మా అమ్మాయి మొదటిసారి నేను చెప్పే ఆటకి వచ్చింది. ఇన్నేళ్ళూ ఏదో ఒక పని. మూడు గంటలు ఆడి, చెమటతో ముద్దయి, చెప్పులు చేత్తో పట్టుకుని కారు దాకా నడిచింది. కారెక్కి బెల్టు పెట్టుకుంది. తర్వాత దాని వచ్చీరాని తెలుగులో, "అమ్మా, నువ్వు మైక్‌లో మాట్లాడితే వేరే పర్సన్ అవుతావు. ఇంట్లో ఉన్న నువ్వు కాదు అది," అంది.

"కాదే," అన్నాను కారు స్టార్ట్ చేస్తూ. "అది నేనే. ఇన్నాళ్ళూ నువ్వు చూడటానికి రాలేదంతే."